'హోప్‌ఫుల్లీ' శబ్దార్థ విచారము - ఆశంస ఎవరిది?

ఆంగ్లభాషయందు 'హోప్‌ఫుల్లీ' అను క్రియావిశేషణ మొకటి కలదు. 'హోప్' అనగా ఆశ. 'హోప్‌ఫుల్' అనగా ఆశ గలవాడు అనియు, ఆశ గొల్పునది అనియు రెండర్థములు. దానిపై 'లీ' ప్రత్యయము చేరగా క్రియావిశేషణమైనది. వ్యుత్పత్తిని బట్టి దీనికి 'ఆశతో గూడి' అని అర్థము చెప్పవలసియున్నది. కాని నేటి వ్యవహారమున నూటికి తొంబదిపాళ్ళు ఇది 'అట్లు జరుగునని ఆశ' అను అర్థముననే వినవచ్చుచున్నది. ఈ రెండర్థముల నడుమ నున్న అంతరమును మన విద్యార్థులు గుర్తింపకుండుటచేత అనువాదములందు దోషములు కలుగుచున్నవి. విద్యార్థుల మాట యేల? ఈ వ్యాసకర్తయే ఆ దోషమునకు లోనై, దాని ఫలము మరియొకరు అనుభవించుట చూచినవాడు. ఆ సంగతి నిచ్చట వ్రాయక తప్పదు.

నాకు ఆంగ్లము గురుముఖమున వచ్చినది కాదు. పాఠశాలలో శబ్దమంజరి, అమరము, లఘుకౌముది ముగించి, సిద్ధాంతకౌముదిని చదువుకొన్న పిదప, ఉద్యోగావసరమున నిఘంటువును దగ్గర పెట్టుకొని నేర్చినది. మౌలాలిలో మేము కాపురముండు వీధిలో రైల్వే కార్మికుల కుటుంబములు పెక్కు కలవు. ఆంగ్లమున వచ్చిన కాగితముల నా యొద్దకు తెచ్చి చదివించుకొనుట వారికి అలవాటు. కొన్నియేండ్ల క్రిందట ఒక వృద్ధురాలు, భర్త గతించినది, కుటుంబ పింఛను బకాయిలను గూర్చి ఒక కార్యాలయమునుండి వచ్చిన జాబును తెచ్చినది. అందు ఆమె వ్యవహారము దసరాలోపల 'హోప్‌ఫుల్లీ' పరిష్కరింపబడునని యున్నది. నేను నిఘంటువులోని మాటను జ్ఞప్తికి దెచ్చుకొని, "దసరాలోపల తేలునట, ఆశాజనకముగా నున్నదని వ్రాసినారు" అని చెప్పితిని. ఆమె సంతోషించినది. మనుమని కళాశాల రుసుమునకు వడ్డీకి ధనము తెచ్చినది. దసరా పోయినది, సంక్రాంతియు పోయినది, వడ్డీ మాత్రము నిలువలేదు. అప్పుడామె ఆ జాబును మరల తెచ్చి నా ముందు పెట్టి యడిగిన మాట యిది: "అయ్యగారూ, కాయితంల ఏమున్నదో గదే చెప్పుండ్రి. పైసలు వస్తయని రాసిండ్రా, రావాలని రాసిండ్రా?"

అక్షరజ్ఞానము లేని ఆ తల్లి చూపిన భేదము నేను చూడలేకపోతిని. ఆ ప్రశ్నకు శాస్త్రరీత్యా సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ముందుగా క్రియావిశేషణ స్వరూపమును విచారింతము. 'శీఘ్రం గచ్ఛతి' అన్నచోట శీఘ్రపదార్థమునకు ధాత్వర్థమైన గమనముతో అభేదాన్వయము. శీఘ్రాభిన్నమైన గమనము అని బోధ. సంస్కృతమున ఇట్టి పదము నపుంసకలింగమున ద్వితీయైకవచనమై యుండుట అందఱెఱిగినదే. 'హోప్‌ఫుల్లీ'ని ఈ పద్ధతిని తీసికొన్నచో 'అతడు హోప్‌ఫుల్లీ కాశికి బోవుచున్నాడు' అన్న వాక్యమున ఆశాన్వితమైన గమనము బోధపడవలెను. అప్పుడు ఆశ గలవాడు పోవువాడు, అనగా కర్త. ఇది ప్రాచీనార్థము. ఇక 'రేపు హోప్‌ఫుల్లీ వాన కురియును' అన్నచో కురియుట ఆశాన్వితము కాజాలదు. వానకు ఆశ లేదు, మేఘమునకును లేదు. ఆశ పలుకువానిది. కాగా ఇచ్చట ఈ పదము ధాత్వర్థముతో అన్వయింపక, వాక్యార్థమునంతను విషయముగా జేసికొన్న వక్తృగతమైన ఆశను తెలుపుచున్నది. ఒకే పదము, ఆశ్రయములు వేఱు. 'అతడు హోప్‌ఫుల్లీ వచ్చును' అన్నచో రెండును సంభవించును. ఆశతో వచ్చునా? వచ్చునని మన ఆశయా? ఆంగ్లమున దీని నిర్ణయించునది పదస్థానము, ఉచ్చారణలోని విరామము, ప్రకరణము.

ఈ రెండవ అర్థము క్రొత్తగా బుట్టినదని కొందఱి భ్రమ. 18వ శతాబ్ద్యారంభముననే అక్కడక్కడ దీని జాడలున్నట్లు ఆంగ్లనిఘంటుకారులు చూపినారు. 1961లో వెలువడిన వెబ్‌స్టర్ మూడవ మహానిఘంటువున ఈ అర్థము చేరినది. అమెరికాలో 1960ల నుండి ఇది విరివిగా వ్యాపింపగా పండితులు కొందఱు దీనిని అపశబ్దముగా నిందింపసాగిరి. స్ట్రంక్, వైట్ అనువారి పేరిట ప్రసిద్ధమైన శైలీగ్రంథము 1970ల ముద్రణలందు దీనిని గట్టిగా ఖండించినది. తుదకు అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థ తన లేఖన నియమావళియందు 2012లో ఈ ప్రయోగము నంగీకరించుటతో వివాదము చాలవఱకు చల్లారినది. నాకు చిత్రముగా దోచిన దేమనగా, ఇదే తీరున వాక్యమునంతటిని పట్టి చెప్పు క్రియావిశేషణములు, 'అదృష్టవశమున', 'నిజము చెప్పవలెనన్న' అను అర్థములు గలవి, ఆంగ్లమున ఎన్నియో యున్నను వాని జోలికెవ్వరును పోలేదు. జర్మను భాషయందు ఈ రెండర్థములకు రెండు వేఱు పదములే కలవు. 'హోఫెన్ట్‌లిష్' అన్నది వక్త ఆశను మాత్రమే చెప్పును, 'హోఫ్‌నుంగ్స్‌ఫోల్' అన్నది ఆశతో గూడినదానిని చెప్పును. అట్టి భేదమును రూపముననే చూపగల భాషకు ఈ చిక్కు రాదు.

తెలుగున మనకు చిక్కు మరియొక విధముగా వచ్చినది. 'ఆశతో', 'ఆశాజనకముగా' అను రెండు మాటల నీ ఆంగ్లపదమునకు సమానార్థకములుగా వాడుచున్నాము. మొదటిది కర్తృగతమైన ఆశను జెప్పును. రెండవది వస్తుగతమైన గుణమును జెప్పును. 'ఈయేడు పంట ఆశాజనకముగా నున్నది' అన్న వాక్యము సాధువు. అచట పైరు పచ్చగా నుండి చూచువారికి ఆశను పుట్టించుచున్నది. ఆశకు కారణము పంటయందున్నది. పింఛను జాబులో అట్టి కారణ మేదియు లేదు. అందున్నది వ్రాసినవాని కోరిక మాత్రమే, అదియును ఎంతవఱకు నిజమో! నేను 'ఆశాజనకముగా నున్నది' అనుటతో లేని కారణమును పుట్టించి ఆమె చేతికిచ్చితిని. పచ్చని పైరును చూపినట్లు చూపితిని. యంత్రానువాదములు వచ్చిన పిమ్మట 'ఆశాజనకంగా, రేపు వర్షం పడుతుంది' వంటి వాక్యములును మన కంటబడుచున్నవి. వానను కోరుకొను రైతు ఎవ్వడును ఇట్లు పలుకడు.

కావున మూడు ఆశ్రయములను విడదీయవలెను. ఆశ కర్తయందుండవచ్చును, ఆశాకారణము వస్తువునందుండవచ్చును, ఆశ వక్తయందుండవచ్చును. మూడవదానికి మన శాస్త్రమున నిర్దుష్టమైన పేరు కలదు. అది ఆశంస.

పాణినీయమున తృతీయాధ్యాయ తృతీయపాదమున 132వ సూత్రము మొదలు మూడు సూత్రములు ఆశంసను గూర్చినవి. ఇంకను పొందని ప్రియమైన అర్థమును పొందగోరుట ఆశంస యని వృత్తికారుల వివరణము. పొందనిది గనుక దానికి విషయము భవిష్యత్కాలమే. అయినను, ఆశంస తోచుచుండగా భవిష్యదర్థమున భూతకాల ప్రత్యయములును వర్తమాన ప్రత్యయములును వికల్పముగా రావచ్చునని మొదటి సూత్రము అనుమతించుచున్నది. మా యూరి పరిస్థితికి దగినట్లు ఒక ఉదాహరణము కల్పింతును. 'ధూమశకటం చేదాగతం, గతా వయం కాశీమ్'. బండి యింకను రాలేదు, మనమును కదలలేదు. అయినను 'వచ్చినచో పోయితిమి' అని భూతప్రయోగము. శీఘ్రార్థకమైన పదము తోడై యున్నచో ఈ అనుమతి లేదు, భవిష్యత్తున లృట్టే రావలెనని రెండవ సూత్రము: 'ధూమశకటం చేత్ క్షిప్రమాగమిష్యతి, క్షిప్రం గమిష్యామః'. మూడవది మనకు మిక్కిలి ముఖ్యము. ఆశంసను నోరార చెప్పు పదమే వాక్యమున నున్నచో లిఙ్ వచ్చును: 'ధూమశకటం చేదాగచ్ఛేత్, ఆశంసే కాశీం గచ్ఛేయమ్'.

మొదటి సూత్రమునకు తెలుగు వ్యవహారము కంటె మంచి వ్యాఖ్యానము లేదు. 'బండి వచ్చిందా, మనం కాశీ చేరినట్లే' అని తెలుగువారందఱు అందురు. వీధి చివరనుండి ఇంటివారిని కేకవేసి 'ఇదిగో వచ్చేశా' అనువాడు ఇంకను గడప త్రొక్కలేదు. ఆశ బలముచేత కాలము వెనుకకు జరుగును. తరగతిలో ఈ సూత్రము చెప్పునపుడు వార్తికముల కంటె ముందుగా ఈ మాటలను చెప్పినచో బాలురకు క్షణములో బోధపడుటను నేను పలుమార్లు చూచితిని.

ఇంకొక చిత్రము. మౌలాలి యన్న పేరు కొండమీది దర్గాను బట్టి వచ్చినది. మా వీధులలో మతభేదము లేక చెవినబడు మాట 'ఇన్షా అల్లా'. దీనిని 'హోప్‌ఫుల్లీ'కి సమానముగా యువకులు వాడుచున్నారు. ప్రాచ్యకళాశాలలో అరబ్బీ బోధించిన ఒక మిత్రునితో ఈ ప్రసంగము వచ్చినపుడు ఆయన చెప్పినది నాకు నేటికిని ఆశ్చర్యమును గలిగించుచున్నది. 'ఇన్' అనగా చేత్, అనగా 'అయినచో'. 'షాఅ' అనునది భూతరూపము, 'తలచెను' అని అర్థము. రేపటి పనిని గూర్చి చెప్పుచు 'దైవము తలచెనేని' అని భూతక్రియను వాడుట అరబ్బీ వ్యాకరణమున నియతమట. చేదర్థము, భూతరూపము, భావ్యర్థము మూడును అందున్నవి. పాణినీయ సూత్రమునకును ఈ పలుకుబడికిని సంబంధ మేదియు లేదు. మనుష్యుని ఆశ ఎచ్చటనైనను ఒకే తీరున పలుకునని మాత్రము అనుకొనవచ్చును. ఒక్క భేదము కలదు. 'ఇన్షా అల్లా' యందు ఫలమును దైవాధీనము చేసినారు, వక్తకు తన అశక్తత తెలియును. 'హోప్‌ఫుల్లీ' యందు ఫలము ఎవరి యధీనమో చెప్పకయే వదలివేయబడినది.

ఇక ఈ ఆంగ్లపదము క్రియావిశేషణమా, నిపాతమా? నా అభిప్రాయమున రూపముచేత క్రియావిశేషణము, వృత్తిచేత నిపాతము. నిపాతములు నానావిధములైన అర్థములందు వర్తించునని యాస్కుడు చెప్పియున్నాడు. అవి ద్యోతకములని వైయాకరణులును, చాదులు వాచకములని నైయాయికులును వాదించిరి. కౌండభట్టు వైయాకరణభూషణసారమున ఈ విచారము విస్తారముగా నున్నది. అందు ప్రవేశింపను. మనకు కావలసినది ఇంతయే: వాక్యార్థముపై వక్త మనోభావమును ద్యోతింపజేయు పదములు సంస్కృతమున సమృద్ధిగా నున్నవి. శుభము జరిగిన పిదప సంతోషముతో 'దిష్ట్యా' అందుము. ఇది చూచుటకు తృతీయాంతము వలె నున్నను అవ్యయమై ఆనందమును ద్యోతించును. జరుగవలెనను కోరికతో గూడిన సంభావనకు నాటకములందు 'అపి నామ' తఱచుగా వచ్చును. అవునన్న ఉత్తరమును కోరుచు అడుగునపుడు 'కచ్చిత్'. 'నూనమ్' అను పదము సంశయార్థకమని యాస్కుడు భాషావ్యవహారమును బట్టి చెప్పగా, అమరసింహుడు దానికి తర్కమును నిశ్చయమును కూడ అర్థములుగా జూపినాడు. సంశయ నిశ్చయములు రెండును ఒకే పదమున నుండవచ్చునా యని శంకింపబనిలేదు. 'తప్పక వచ్చియుండును' అను తెలుగువాక్యమున 'తప్పక' ఉన్నను నిశ్చయము లేదు కదా! ఈ వరుసలో 'హోప్‌ఫుల్లీ'కి సరియైన స్థానము 'అపి నామ' ప్రక్కన.

అపశబ్దమని దానిని నిందించిన ఆంగ్లపండితుల పక్షమును మనము చేపట్టుటకు ముందు, మన యింటిలోని 'బహుశా'ను చూచుకొనవలెను. బహ్వర్థకములకును అల్పార్థకములకును కారకత్వము గలచోట శస్ ప్రత్యయమును పాణిని పంచమాధ్యాయ చతుర్థపాదమున 42వ సూత్రముచే విధించినాడు. 'బహుశో దదాతి' అనగా బహుళముగా నిచ్చుచున్నాడు. పెక్కుమార్లు అను అర్థమును దాని వెన్నంటి వచ్చినది. ఇది క్రియను విశేషించు పదము. తెలుగునకు వచ్చునప్పటికి 'బహుశా రేపు వచ్చును' అన్నచో పెక్కుమార్లు వచ్చుననియా? కాదు. 'వచ్చునని తోచుచున్నది' అని. పెక్కుమార్లు జరుగునది జరుగవచ్చునన్న ఊహకు ఆధారమైనది. ఊహ వక్తది. ధాత్వర్థమును విడిచి ఈ పదము వాక్యము మీద నెక్కి కూర్చున్నది. 'హోప్‌ఫుల్లీ' నడిచిన దారియు అదియే. మా గురువుల కాలపు పండితులు కొందఱు 'బహుశా'ను ఈ అర్థమున వ్రాయుటకు సందేహించెడివారు. నేడు ఆ సందేహము ఎవ్వరికిని లేదు. అందుచేత ఆంగ్లపదమును అసాధువన్న వాదమును నేనంగీకరింపను.

అయితే 'బహుశా'తో 'హోప్‌ఫుల్లీ'ని అనువదింపవచ్చునా? కూడదు. 'బహుశా'యందు ఊహ యున్నది, కోరిక లేదు. 'బహుశా ఇల్లు కూలును' అనవచ్చును. 'ఏమో' అనుదానికిని ఇదే గతి. 'వచ్చునేమో' అన్నది ఆశ కావచ్చును, 'పడిపోవునేమో' అన్నది భయమే. 'కాబోలు' అన్నది వట్టి ఊహ. కోరికను ఊహను ఒక్కచో కూర్చి చెప్పు ఏకపదము తెలుగున నాకు కానరాలేదు.

ఏకపదము లేదు కాని క్రియారూపము కలదు. ఇచ్చటనే ఆ వృద్ధురాలి ప్రశ్నకు విలువ. 'వస్తయా' అన్నది భవిష్యన్నిశ్చయము. 'రావాలి' అన్నదో? గ్రాంథికమున 'రావలెను'. 'సేవకుడు ఉదయముననే రావలెను' అన్నచో విధి. 'వాన రావలెను' అన్నచో ఎవరికిని ఆజ్ఞ లేదు, మేఘమునకు విధింప మనమెవ్వరము? అది కేవలము ఆశంస. 'వలయు' అను క్రియకు 'కావలసియుండు, కోరబడు' అని అర్థము. కోరికను జెప్పు మాటయే విధికిని ఆశంసకును చెల్లుచున్నది. సంస్కృతమున లిఙ్ స్థితియు సరిగా నిదియే. విధి, నిమంత్రణము, ప్రార్థనము మొదలగు అర్థములందు విహితమైన లిఙ్ఙే ఆశంసావాచక పదము తోడైనపుడును వచ్చునని పైని చెప్పియుంటిమి. లిఙ్ఙునకు తెలుగున 'వలెను' అని అర్థము చెప్పుట పాఠశాలలందు సంప్రదాయమే. అయితే విధిఘట్టముననే చెప్పి ఊరకుందుము, ఆశంసా సూత్రమునకు వచ్చినపుడు ఎత్తి చూపము. ఎత్తి చూపినచో 'హోప్‌ఫుల్లీ'కి తెలుగున సహజరూపము విద్యార్థికి అప్పుడే దొరకును. రైలు స్థానములందు 'రావలసిన బండి' అని ప్రకటింతురు. అది వచ్చునన్న మాట యిచ్చుట కాదని నిత్యము ప్రయాణించువారు బాగుగా నెఱుగుదురు.

ఇంకొక విషయము మిగిలియున్నది. 'ఆశంసే' అన్నప్పుడు ఉత్తమపురుష ప్రత్యయముచేత ఆశంసించువాడు స్పష్టముగా తెలియును. 'నేను ఆశించుచున్నాను' అన్న తెలుగువాక్యమునను అంతే. 'హోప్‌ఫుల్లీ' యందు పురుషప్రత్యయము లేదు, ఆశ యున్నది గాని ఆశించువాడు కానరాడు. సంభాషణమున దీనివలన బాధ లేదు, పలుకువాడు ఎదుటనే యుండును. కార్యాలయముల జాబులందు కర్మణిప్రయోగముతో జతపడినపుడు మాత్రము పరిష్కరించువాడును తెలియడు, ఆశించువాడును తెలియడు. ఆంధ్రప్రదేశమున 1966లో అధికారభాషా చట్టము వచ్చిన పిదప పాలనాభాషగా తెలుగును పెంపొందించుటకు మన పండితులు పారిభాషిక పదములను చాల కూర్చిరి. నామవాచకముల మీద పెట్టిన శ్రద్ధ ఇట్టి చిన్న అవ్యయముల మీద పెట్టలేదు. ఒక శాఖకు ఏ పేరు పెట్టినను పౌరునికి నష్టము లేదు. ఈ అవ్యయమును తప్పుగా దెలిపినచో అతడు వడ్డీ కట్టవలసివచ్చును.

అనువదించునపుడు వ్రాసినవాని ఉద్దేశమును బట్టి పోవలెను. అంచనా యున్నచో 'అగునని అంచనా' అనవలెను. కోరిక మాత్రమే యున్నచో 'కావలెనని కోరుచున్నాము' అని, ఉత్తమపురుషను తప్పక చేర్చి, వ్రాయవలెను. ఏదియు తేలనిచో 'కావచ్చును, కాకపోవచ్చును' అని చెప్పుటకు సంకోచింపరాదు. కావ్యములను అనువదించువారికి 'అపి నామ' ఉండనే యున్నది. ప్రశ్నపత్రములను దిద్దునపుడు 'ఆశాజనకముగా' అని వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గింపవలెనా యని ఒక యువ అధ్యాపకుడు నన్నడిగినాడు. పంటను గూర్చిన వాక్యమైనచో పూర్తిమార్కులు, వానను గూర్చినదైనచో సగము అని చెప్పితిని.

ఆ జాబును నేను మరల చదివి, "వస్తాయని వ్రాయలేదమ్మా, రావాలని వ్రాసినారు. ఎవరు కోరుకొనుచున్నారో కూడ వ్రాయలేదు" అని చెప్పితిని. ఆమె ఆ కాగితమును మడచి కొంగున ముడివేసికొని, "గట్లనే అనుకున్న" అని లేచినది. ఆ కార్యాలయమునకు ప్రత్యుత్తరము తెలుగులోనే వ్రాసితిమి. 'ఎప్పటిలోగా, ఎవరు' అని రెండే ప్రశ్నలు. వ్రాసినది నేను, చెప్పినది ఆమె.